లైబ్రరీ మెషీన్‌లో పుస్తకం వేశాక వెంటనే వచ్చేయకండి

ఇక్కడ అమెరికాలో లైబ్రరీకి వెళ్తే కౌంటర్ దగ్గర ఎవరూ లేరు, గోడకు పోస్టుబాక్సు లాంటి స్లాట్ మాత్రం ఉంది, పుస్తకాలు అందులో పడేసి వచ్చేయొచ్చా అని అడిగారు. వేయొచ్చు. కాకపోతే ఒక్కొక్కటే వేయండి. స్క్రీన్ ఉంటే దాని మీద పుస్తకం పేరు కనిపించేదాకా కదలకండి.

నేను వచ్చిన కొత్తలో మావాడి బొమ్మల పుస్తకాలు మూడు ఒకేసారి దూర్చేశాను. బెల్టు లాక్కుపోయింది, పనైపోయిందనుకున్నా. కొన్నాళ్లకు ఒక పుస్తకం ఇంకా మీ దగ్గరే ఉందని మెయిల్! సోఫా కింద కూడా వెతికాం. చివరికి వెళ్లి అడిగితే లైబ్రేరియన్ నేరుగా పిల్లల అర దగ్గరికి వెళ్లి దాన్ని బయటికి తీశారు.

అట్ట లోపల చదరంగా అతికించిన స్టిక్కర్ ఉంటుంది చూడండి, అది ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్. దానికి బ్యాటరీ ఉండదు. మెషీన్‌లోని రీడర్ పంపే రేడియో తరంగాల శక్తితోనే తన నంబరు చెబుతుంది. పల్చటి పుస్తకాలు దొంతరగా పడితే ట్యాగులు ఒకదానికొకటి అడ్డొచ్చి, మెషీన్ ఏదో ఒకటి చదవకుండా వదిలేయొచ్చు. రేకులా మెరిసే అట్టలతోనూ ఇదే తంటా. మెషీన్ లోపల పుస్తకం ఏ డబ్బాలో పడాలో కూడా ఆ నంబరును బట్టే తేలుతుంది.

తీసుకునేటప్పుడూ అంతే. స్క్రీన్ మీది లెక్క, చేతిలోవాటి లెక్క సరిపోవాలి. గేటు దగ్గర కూత వచ్చినా టెన్షన్ పడకండి, వెనక్కి వెళ్లి మళ్లీ స్కాన్ చేస్తే చాలు.

చదువుకోడానికి వచ్చినవాళ్లు అసలు రోబోలను చూడాలంటే, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల హంట్ లైబ్రరీ ఉంది, 2013లో తెరిచారు. 20 లక్షల పుస్తకాలు పట్టే ఇనప డబ్బాల మధ్య రోబో క్రేన్ తిరుగుతూ, అడిగినదాన్ని నిమిషాల్లో తెచ్చిస్తుంది. చోటు కలిసిరావడానికి పుస్తకాలను సైజును బట్టి సర్దుతారు. నాకు ఇది కొంచెం వెలితే. పక్కనున్న పుస్తకం అనుకోకుండా చేతికి తగలడం ఉండదు, కేటలాగులో వెతుక్కోవాల్సిందే.

అన్నట్టు, వేరే లైబ్రరీ నుంచి తెప్పించిన పుస్తకానికి కాగితం పట్టీ చుట్టి ఇస్తుంటారు. దాన్ని స్లాట్‌లో వేయకుండా, పట్టీతో సహా మనిషి చేతికే ఇవ్వండి. ఆ ట్యాగు ఈ మెషీన్‌కి తెలియకపోవచ్చు.