క్షమించమని తమ్ముణ్ని అడగొద్దు, ముందు వాడి మాట వినండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. తాగిన మత్తులో జరిగిన గొడవలో మా తమ్ముడు స్నేహితుణ్ని పొడిచి చంపాడు. యావజ్జీవ శిక్ష పడి చెముడుగుంట సెంట్రల్ జైల్లో ఉన్నాడు. నాన్న పోయాక మమ్మల్ని పెంచింది చిన్నాయన. తమ్ముణ్ని బడి మాన్పించి రాత్రిళ్లు రొయ్యల గుంటల కాపలాకు పెట్టాడు. కునుకు తీస్తే బెల్టుతో కొట్టి, మోటారు షెడ్డులోకి తోసి గొళ్లెం పెట్టేవాడు. ఇప్పుడాయన పక్షవాతంతో మంచాన పడ్డాడు. 'చిన్నాయనను క్షమించమని వాడికి చెప్పు' అని అమ్మ పోరు పెడుతోంది. ములాఖత్‌కి పోతే తమ్ముడు నోరు విప్పడు. నిద్ర పట్టడం లేదంటాడు. మొన్న మాత్రం 'ఆ షెడ్డు ఇంకా ఉందా?' అని అడిగాడు. ఖైదీలకు క్షమ నేర్పే చికిత్స ఉందని విన్నాను. హత్య చేసినవాడు క్షమాపణ అడగాలి గానీ, వాడు ఇంకొకరిని క్షమించడమేంటి?

జవాబు: అమ్మా, మీ సందేహం సబబైనదే. ఆ చికిత్స మీ తమ్ముడి నేరాన్ని తగ్గించి చూపదు. చంపినందుకు జవాబు చెప్పుకోవాల్సింది వాడే. కానీ నేరం చేయకముందు వాడికి జరిగిన అన్యాయం ఒకటుంది కదా, దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఈ చికిత్స మొదలయ్యేది అక్కడే.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ఎన్‌రైట్ దీన్ని దశలుగా రూపొందించారు. మొదట, జరిగిన అన్యాయాన్నీ దాచుకున్న కోపాన్నీ బయటికి తీయడం. క్షమించాలా వద్దా అని మనిషి తానే తేల్చుకోవడం ఆ తర్వాతి మాట. అన్యాయం చేసినవాణ్ని కూడా మనిషిగా చూడగలగడం, తన బాధలో ఒక అర్థం వెతుక్కోవడం ఇంకా తర్వాతివి. కట్టుదిట్టమైన ఒక జైల్లో, నేరానికి ముందే తీవ్రమైన అన్యాయానికి గురైన ఖైదీలతో ఆరు నెలలు ఇలా పనిచేస్తే కోపం, దిగులు, ఆందోళన తగ్గాయని 2021లో ఆయన బృందం ప్రచురించింది. చిన్న అధ్యయనమే, కానీ ఆశ పెట్టుకోదగ్గది.

మీ అమ్మగారు చెప్పమంటున్నది మొదటి మెట్టు ఎక్కకుండానే చివరి మెట్టు మీద నిలబడమని. ఆయన మంచాన పడ్డాడని వీడి కోపం తప్పయిపోదు. ఇప్పుడు 'క్షమించరా' అంటే, చిన్నప్పుడు నోరు మూసుకోమన్నట్టే వినిపిస్తుంది.

షెడ్డు గురించి అడిగాడన్నారు. మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట అదే. ఏళ్ల తరబడి లోపల దాచుకున్నది వాడు మీ ముందు పెట్టాడు. ఈసారి వెళ్లినప్పుడు ఉంటే ఉందనీ, పడిపోతే పడిపోయిందనీ నిజం చెప్పండి. 'నిన్ను అందులో పెట్టి గొళ్లెం వేయడం అన్యాయంరా' అని మీ నోటితో అనండి. ఆపైన వాడేమన్నా వినండి. తిట్టినా వారించొద్దు. ములాఖత్ టైం తక్కువ, ఇంట్లో కబుర్లన్నీ ఉత్తరంలో రాయొచ్చు.

క్షమించినంత మాత్రాన చిన్నాయన గడప తొక్కాలని లేదు. ఆయనను చూడకుండానే, ఆయన చేసింది తప్పేనంటూనే పగ వదులుకోవచ్చు. అసలు క్షమించలేకపోయినా అది వాడి హక్కు. ఆయనకు నిజంగా పశ్చాత్తాపం ఉంటే 'నేను చేసింది తప్పు' అని తానే చెప్పి రాయించమనండి. దానికి బదులు మాత్రం ఆశించకూడదు.

చనిపోయిన అబ్బాయి ఇంటికి క్షమాపణ అడగడానికి మీరు ఇప్పుడు వెళ్లొద్దు. వాళ్ల గుమ్మంలో నిలబడి అడిగితే, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లే మీకు ఊరట ఇవ్వాల్సి వస్తుంది. అది ఘోరం. ఎదురైతే తలవంచి దారి ఇవ్వండి, అంతే.

ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. నిద్ర పట్టడం లేదని, మాట తగ్గిందని రాసి, మానసిక వైద్యుడికి చూపించమని జైలు సూపరింటెండెంటుకు అర్జీ ఇవ్వండి. మొహమాటం వద్దు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఖైదీలకూ వర్తిస్తుంది. చచ్చిపోతాననో, బయటికొస్తే ఆయన్ని వదలననో అంటే ఆ రోజే అధికారులకు చెప్పండి. చిన్ననాటి సంగతులు కూడా డాక్టరుకు చెప్పొచ్చా అని తమ్ముణ్నే అడిగి, వాడు సరేనంటేనే అర్జీలో రాయండి. అప్పీలు సంగతి తేలకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి. మీకూ మనసు బరువెక్కినప్పుడు ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. వీలైతే అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ ఇంట్లో ఆమె నోరు నొక్కుకుని బతికిన రోజులు కూడా ఉండే ఉంటాయి.