పోస్టుకు 2 రూపాయలు: కట్టాలా, మానాలా?

ప్రశ్న: మాది మంగళగిరిలో చేనేత చీరల షాపు. అమ్మకాలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. రోజుకు 12 చీరల ఫోటోలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ (పాత ట్విటర్) మూడింటిలోనూ ఒక షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌తో, అంటే ముందే పెట్టిన టైముకు పోస్టును దానంతటదే పంపే దానితో, పెడుతున్నాం. ఇన్నాళ్లూ నెలకు ఇంత అని కట్టేవాళ్లం. ఇప్పుడు ఎక్స్‌లో పెట్టే ప్రతి పోస్టుకూ విడిగా 2 రూపాయలు, అదీ ముందే క్రెడిట్లు (ఫోన్ రీఛార్జిలా ముందుగా కట్టి వాడుకునేవి) కొనుక్కోవాలి అని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు మెయిల్ పంపారు. ఎక్స్‌లో చూసి అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు కస్టమర్లయ్యారు కాబట్టి మానేయలేను. బిల్లు ఎక్కడిదాకా పోతుందోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు మేడమ్?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ముందు లెక్క వేద్దాం. ఒక్కో చీరకు ఒక్కో పోస్టు అంటే నెలకు 360 పోస్టులు, 720 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 850. ఎక్స్‌లో ఒక పోస్టుకు 4 ఫోటోలు పెట్టవచ్చు. మీ 12 చీరలు రోజుకు 3 పోస్టుల్లో సరిపోతాయి. అప్పుడు నెలకు 90 పోస్టులు, 180 రూపాయలు, పన్నుతో కలిపి 212. నిజాం బోర్డర్ చీరలన్నీ ఒక పోస్టులో, చెక్స్ అన్నీ ఇంకో పోస్టులో పెడితే చూసేవాళ్లకూ ఎంచుకోవడం తేలిక. అయితే నాలుగు ఫోటోలున్నా ఒకే పోస్టుగా లెక్కేస్తారా అని మీ సాఫ్ట్‌వేర్ వాళ్లను మెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఈ రుసుము ఎందుకొచ్చిందో తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది. బయటి సాఫ్ట్‌వేర్ మీ తరఫున పోస్టు పెట్టాలంటే ఏపీఐ అనే దారిలో వెళ్లాలి. ఎక్స్ ఇంకా ట్విటర్‌గా ఉన్నప్పుడు ఆ దారి చాలావరకు ఉచితం. 2023లో ఉచితం తీసేస్తున్నామని ప్రకటించి, చిన్న డెవలపర్లకు, అంటే ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు, నెలకు 100 డాలర్ల ప్యాకేజీ పెట్టారు. తర్వాత దాన్ని 200 చేశారు. 2025లో వాడినంతకే కట్టే పద్ధతిని కొందరు డెవలపర్లతో మొదలుపెట్టి, ఆపైన మిగతావాళ్లకూ తెచ్చారు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి పడే ఆ ఖర్చే మీ దాకా వస్తోంది. పోస్టులు తక్కువగా పెట్టేవాళ్లకు ఇది అన్యాయమని నేను అనుకోను. నెలకు 20 పోస్టులు పెట్టే షాపు, 2000 పెట్టే కంపెనీతో సమానంగా ప్యాకేజీ కట్టడం కన్నా ఇదే నయం.

విజయవాడలో కొన్ని షాపులకు పోస్టులు పెట్టిపెట్టే పని నాది. అక్కడ నేను చూసేది ఒకటే: డబ్బు పోయేది రుసుము వల్ల కాదు, ‘అన్నింటిలోనూ పెట్టు’ అన్న బటన్ వల్ల. ఇన్‌స్టాగ్రామ్ కోసం రాసిందే, హ్యాష్‌ట్యాగులతో సహా, చూడకుండా ఎక్స్‌లోకి వెళ్లిపోతుంది. ఆ టిక్ తీసేయండి. ఎక్స్‌కు ఏది వెళ్లాలో రోజూ మీరే ఎంచుకోండి.

ఇంకో మాట. ఈ రుసుము సాఫ్ట్‌వేర్ ద్వారా వెళ్లే పోస్టుకే. మీ చేత్తో ఫోన్‌లో పెట్టే పోస్టుకు పైసా కట్టక్కర్లేదు. కంప్యూటర్‌లో ఎక్స్ వెబ్‌సైట్ తెరిచి పోస్టు రాసే పెట్టె కింద చూడండి, క్యాలెండర్ బొమ్మ ఉంటుంది. తేదీ, టైము పెట్టి వదిలేస్తే దానంతటదే వెళ్తుంది, ఉచితంగానే. మీకు కావలసింది అమెరికా వాళ్లు ఫోన్ చూసే వేళ. మన ఉదయం 6.30 అంటే న్యూయార్క్‌లో వేసవిలో ముందురోజు రాత్రి 9, డల్లాస్‌లో 8. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు కాబట్టి, ఆ నెలల్లో మన 7.30కి పెట్టుకోండి. రోజుకు 3 పోస్టులే అయితే ఎక్స్ కోసం మీకు ఆ సాఫ్ట్‌వేరే అక్కర్లేదని నా అభిప్రాయం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల షెడ్యూలింగ్‌కు మెటా బిజినెస్ సూట్ ఉచితంగానే ఉంది. నెల ప్యాకేజీ కూడా అవసరమా అన్నది అది ఒక వారం వాడి చూసి తేల్చుకోండి.

లేదు, అన్నీ ఒకేచోట ఉంటేనే నాకు కుదురుతుంది అంటారా, కట్టండి. కానీ క్రెడిట్లు అయిపోగానే కార్డు నుంచి దానంతటదే డబ్బు తీసుకునే ఆటో రీఛార్జి ఆపేయండి. నెలకు ఇంతకు మించకూడదని పరిమితి పెట్టే వీలుంటే పెట్టండి. శ్రావణమాసంలో, ఉగాది ముందు మీ పోస్టులు రెట్టింపవుతాయి కాబట్టి ఆ నెలలకు మాత్రం పరిమితి పెంచుకోండి, లేకపోతే వరలక్ష్మీ వ్రతం ముందువారమే పోస్టులు ఆగిపోతాయి. ధర తప్పు పడిందని తీసేసి మళ్లీ పెడితే అది ఇంకో పోస్టు, ఇంకో 2 రూపాయలు. షెడ్యూలు చేసేముందే ధర ఒకసారి చదువుకోండి. చీర అమ్ముడైతే పోస్టు తీయకుండా, కిందనే ఫోన్ నుంచి ‘అమ్ముడైంది’ అని రాస్తే చాలు. కంపెనీ డాలర్లలో బిల్లు వేస్తుంటే కార్డు మీద బ్యాంకు మార్పిడి రుసుము కూడా పడుతుంది, స్టేట్‌మెంటులో చూడండి. మీకు జీఎస్టీ నంబరుంటే బిల్లులో వేయించుకోండి. ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునేలా) తీసుకోవచ్చో లేదో మీ ఆడిటర్‌ను అడగండి, కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు.

అన్నింటికన్నా నన్ను భయపెట్టేది వేరే. ‘మాకు రుసుము లేదు, మీ ఎక్స్ పాస్‌వర్డ్ ఇస్తే చాలు’ అని కొందరు వస్తారు. దయచేసి ఇవ్వకండి. ఏపీఐ లేకుండా వెబ్‌సైట్‌ను ప్రోగ్రాముతో నడిపించడం ఎక్స్ నియమాలకు విరుద్ధం, ఖాతాను శాశ్వతంగా మూసేసే అవకాశముంది. ఏళ్లుగా మీ మాట నమ్మి అంత దూరం నుంచి ముందే డబ్బు పంపే కస్టమర్లు ఆ ఖాతాలోనే ఉన్నారు. నెలకు 200 రూపాయల కోసం వాళ్లను పోగొట్టుకోకండి.

ప్రశ్న: కరీంనగర్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతున్నాను. రోజూ 10 బిట్లను ఎక్స్‌లో ఒక థ్రెడ్‌గా (ఒకదాని కింద ఒకటి వచ్చే పోస్టుల వరుసగా) సాఫ్ట్‌వేర్‌తో షెడ్యూలు చేస్తాను. ఒక్క పోస్టు అనుకుంటే 10 క్రెడిట్లు కోశారు. ఇది సరైనదేనా?

జవాబు: సరైనదే. థ్రెడ్‌లో ప్రతి భాగమూ ఎక్స్ దృష్టిలో విడి పోస్టే. పది బిట్లనూ పెద్ద అక్షరాలతో రెండు, మూడు ఫోటోలుగా చేసి ఒకే పోస్టులో పెట్టండి. జవాబులు మాత్రం సాయంత్రం మీ ఫోన్ నుంచి రిప్లైగా రాయండి, పిల్లలు అడిగే డౌట్లు కూడా అప్పుడే చూసినట్టుంటుంది.