ఈ శనివారం ఇంటికి వెళ్లు తల్లీ

ప్రశ్న: నెల్లూరులో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్). మాది పొదలకూరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్ బట్టీ పట్టి నెట్టుకొచ్చాను. ఇక్కడ క్లాసులో ఇంగ్లీషులో గబగబా చెప్పేస్తుంటే ఏమీ అర్థం కావడం లేదు. సి ప్రోగ్రామింగ్ మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, 30కి 9 వచ్చాయి. నిమ్మతోట మీద అప్పు తెచ్చి హాస్టల్ ఫీజు కట్టిన మా నాయనకు బాగా రాశానని చెప్పాను. అప్పటి నుంచి ఇంటికి వెళ్లబుద్ధి కావడం లేదు. చదువు మానేద్దామా అనిపిస్తోంది.

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఇల్లు మానుకున్నావన్న మాట. మార్కులు దాచాలంటే నాయన ముఖం తప్పించుకోవాలి, అమ్మ ఫోన్ తొందరగా పెట్టేయాలి, రూంలో అమ్మాయిలు మిడ్స్ మాటెత్తితే లేచి వెళ్లిపోవాలి. ఓపికంతా దీనికే పోతుంటే చదువుకు ఏం మిగులుతుంది?

ఈ శనివారమే బస్సెక్కు. అన్నాలయ్యాక నాయన పక్కన కూర్చుని, "నాయనా, ఆ రోజు భయపడి అబద్ధం చెప్పాను. తొమ్మిదే వచ్చాయి. నాకు అర్థం కావడం లేదు" అని చెప్పు. అంతే చాలు, సంజాయిషీలు వద్దు. ఆయన కోప్పడొచ్చు, అప్పు సంగతి ఎత్తొచ్చు. ఎదురు చెప్పకుండా విను. కాయ ధర పడిపోయిన ఏడాది ఆ ఇల్లు ఎలా గడిచిందో నీకు తెలుసు. నిమ్మతోట నడిపే మనిషికి నష్టమంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయనను కుంగదీసేది, కూతురు తనకు భయపడి దూరంగా ఉండిపోవడం.

మార్కుల లెక్క కూడా ఆయనకు చెప్పు, నువ్వనుకున్నంత ఘోరంగా లేదు. నెల్లూరు వైపు కాలేజీలు చాలావరకు జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్నాయి. ఆ యూనివర్సిటీ ఆర్23 పరీక్షా నిబంధనల్లో ఎక్కువ వచ్చిన మిడ్‌కు 80 శాతం, తక్కువ వచ్చిన దానికి 20 శాతం విలువ. రెండో మిడ్‌లో 22 తెచ్చుకున్నావంటే ఇంటర్నల్, అంటే రెండు మిడ్‌ల లెక్క, 30కి 19 దాటుతుంది. సెమిస్టర్ పరీక్షలో 70కి కనీసం 25 రావాలి, ఇంటర్నల్, సెమిస్టర్ రెండూ కలిపి వందకు 40 ఉండాలి. మీది సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీ అయితే తేడాలుండొచ్చు, ఆఫీసులో అడుగు. సబ్జెక్టు పోయినా సప్లీ ఉంటుంది. అటెండెన్స్ మాత్రం 75 శాతం తగ్గనివ్వకు. దిగులుతో రూంలో పడుకుంటే ముందు పోయేది అదే.

ప్రోగ్రామింగ్ నీకు రాదని అప్పుడే తేల్చేసుకోకు. మీ తోటలో వరసకు ఇరవై చెట్లున్నాయనుకో. మొదటి పాదుకు నీళ్లు మళ్లించి, అది నిండాక రెండోదానికి, అలా ఇరవయ్యోది అయ్యాక ఆపుతారు. ప్రోగ్రామింగ్‌లో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్ అంటే ఇదే. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి, ఒక్కోసారి ఎంత ముందుకు జరగాలి, ఆ మూడే అందులో రాస్తారు. రోజూ ఒక చిన్న ప్రోగ్రాం కాగితం మీద రాసి, ప్రతి తిరుగుడులో ఎన్నోసారో లెక్కపెట్టే ఐ (i) విలువ ఎంతయిందో పక్కన వేసుకో. ఆ తర్వాతే ల్యాబ్‌లో కంప్యూటర్ మీద కొట్టు. నోట్సు తెలుగులో రాసుకో, సిగ్గేమీ లేదు. పరీక్షలో రాయాల్సిన పదాలు మాత్రం ఇంగ్లీషువి పక్కన ఉంచుకో. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల ఈ-కుంభ్ పోర్టల్‌లో ఇంజనీరింగ్ పుస్తకాలు తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి.

క్లాసయ్యాక మేడమ్‌నో సార్‌నో ఒక్క సందేహం అడుగు. "ఏమీ అర్థం కాలేదు" అంటే వాళ్లకూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "ఈ మూడో లైను అర్థం కాలేదు" అను.

చదువు మానడం గురించి మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చేదాకా నిర్ణయం తీసుకోవద్దు. నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బతకాలని లేదనిపించినా ఆ క్షణమే 14416కు ఫోన్ చెయ్. టెలి మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ఫోన్ సేవ, ప్రభుత్వానిదే, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడొచ్చు. హాస్టల్లో ఒక్కదానివే ఉండకుండా పక్క రూం అమ్మాయినైనా లేపు.

ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆ ప్రోగ్రామింగ్ నోట్సు బస్సులో తెరిచి చూడు. రెండో మిడ్ మార్కులు, ఎన్ని వచ్చినా సరే, ముందు నాయనకే చెప్పు.