లెక్కలు కొట్టేయకమ్మా

అమ్మాయికి ఆశీస్సులు.

'ది పాలిసర్స్' సీరియల్ మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. కథానాయిక గ్లెంకోరా పక్షాన నిలబడ్డ తీరు బాగుంది. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర మాత్రం కోపం ఆగలేదు: "పార్లమెంటు గొడవలు, నాణేల లెక్కలు తీసేస్తే ఇది చక్కని ప్రేమకథ." ఎంత మాట!

1974లో బీబీసీ 26 భాగాలుగా ప్రసారం చేసిన ఆ సీరియల్‌కు ఆధారం ఆంథొనీ ట్రోలోప్ రాసిన ఆరు నవలలు. వాటికి వెన్నెముక డబ్బే. గ్లెంకోరా స్కాట్లండ్‌లో పెద్ద ఆస్తికి వారసురాలు. ఆమె మనసిచ్చిన బర్గో ఫిట్జ్‌జెరాల్డ్ అందగాడు, అప్పులపాలైనవాడు. ఆ సొత్తు అతని చేతిలో పడకూడదనే కదా, బంధువులంతా ఏకమై ఆమెను పార్లమెంటు సభ్యుడు ప్లాంటజెనెట్ పాలిసర్‌కు కట్టబెట్టింది! మొదటి నవల 1864-65 నాటిది. పెళ్లికి ముందు విడిగా దస్తావేజు రాయించుకోకపోతే భార్య చేతికొచ్చే డబ్బు భర్తదే అయిన రోజులు. ఆమె సంపాదన ఆమెదే అనడానికి 1870 చట్టం రావలసివచ్చింది, మిగతా ఆస్తికి 1882 దాకా ఆగవలసివచ్చింది. ఇదేమీ లేకుండా ఆమె కన్నీళ్లు రాశావు. అవి ఎవరి కన్నీళ్లయినా కావచ్చు.

ఇక పాలిసర్. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు ఉన్న దేశంలో పదుల లెక్కన నడిచే దశాంశ నాణేలు తేవాలని కలగన్నవాడు. నీకు విసుగు పుట్టింది. ఆర్థికమంత్రి పదవి మీదే ప్రాణం పెట్టుకున్న మనిషి, తన భార్య మనసు బర్గో మీద ఉందని ఆమె నోటే విన్నాడు. ఆ పదవి గుమ్మంలోకి వచ్చినప్పుడు కాదని, ఆమెను ఐరోపా యాత్రకు తీసుకువెళ్లాడు. ప్రేమ సంగతి మాటల్లో చెప్పడం చేతకానివాడు అలా చెప్పాడమ్మా! నాణేల లెక్కలు తీసేశాక, అతను వదులుకున్నది ఎంతో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

నా మొదటి కథలో మా పెద్దమ్మకు పసుపు కుంకుమల కింద వచ్చిన ఎకరంన్నర పొలం ఉంది. పెదనాన్న దాన్ని అమ్మి పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డాడు. రిజిస్ట్రారు కచేరీలో వేలిముద్ర వేశాక, ఆ బొటనవేలిని దేనికీ తగలనివ్వకుండా పైకెత్తి పట్టుకుని ఇంటిదాకా నడిచి వచ్చింది పెద్దమ్మ. సంపాదకుడు "కథలో లెక్కలెందుకండీ" అని ఎకరాలు, ధర, ఎన్నికలు అన్నీ కొట్టేశాడు. అచ్చులో మిగిలింది ఏడుస్తున్న ఒక ఆడమనిషి. నలభై ఏళ్లయినా ఆ కత్తిరింపును నేను క్షమించలేదు. ఈనాటి సంపాదకులకూ గౌన్లు, దీపాలు ఉంటే చాలు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు లేడీ మంక్ ఇంటి నాట్యం ఘట్టం తిరగరాయి. ఆమె బర్గోకు మేనత్త. గ్లెంకోరాను లేవదీసుకుపోవడానికి అతనికి డబ్బు సర్దింది ఆవిడే, నవల మళ్లీ చూడు. నీ వ్యాసంలో వాయిద్యాలున్నాయి, పూలున్నాయి, ఆ డబ్బు లేదు. అక్కడి నుంచి మొదలుపెట్టు.