జూన్ కంటే ముందు ఆగస్టు ఎందుకొస్తోంది?

ప్రశ్న: సార్, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. ఏ రోజు ఏ జిల్లాలో ఏ మండలం నుంచి ఏ రకం కాయ ఎన్ని టన్నులు దిగిందో ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. ఏడాదికో షీటు. తోతాపురి, నీలం, బేనిషా ఒక్కోదానికి ఒక కాలమ్, చివర మొత్తం. వాటిని పవర్ బీఐలోకి (ఛార్టులు, రిపోర్టులు చేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) తెచ్చి గీతల ఛార్టు వేశాను. రకాన్ని ఎంచుకుంటే దాన్నే చూపించే స్లైసర్ పెట్టడం కుదరడం లేదు. నెలల్లో ఆగస్టు మొదట వస్తోంది. పైగా 2022 నుంచి చిత్తూరు జిల్లా సరుకు ఒక్కసారిగా పడిపోయినట్టు చూపిస్తోంది. లోడ్లేమో తగ్గలేదు. ఓనరు గారు అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. మార్చాల్సింది షీటు ఆకారం. తిరుపతిలో చిన్న వ్యాపారాలకు రిపోర్టులు చేసిపెట్టేటప్పుడు నేను ఎక్కువగా చూసేది ఇదే. మనిషి చదవడానికి వేసిన పట్టికను నేరుగా ఛార్టుకు ఇచ్చేస్తారు.

స్లైసర్‌కు ఒకే కాలమ్ కావాలి. మీ రకాలు మూడు కాలమ్స్‌కు తలకట్లుగా ఉన్నాయి. అందుకే అది పట్టుకోలేకపోతోంది. పవర్ బీఐలోనే డేటాను సర్దే పవర్ క్వెరీ ఎడిటర్ తెరిచి, ముందుగా ఏడాది షీట్లన్నిటినీ అపెండ్‌తో ఒక్కటి చేయండి. ‘మొత్తం’ అనే కాలమ్ తీసేయండి, లేకపోతే ప్రతి టన్నూ రెండుసార్లు లెక్కకొస్తుంది. మండలం పేరున్న గడులను మెర్జ్ చేసి ఉంటే, పేరు పై వరుసలోనే మిగిలి కింద ఖాళీలు కనిపిస్తాయి. ఫిల్ డౌన్ నొక్కితే నిండుతాయి. జిల్లా కాలమ్ కూడా తీసేయండి, దాని సంగతి కింద చెప్తాను. తర్వాత తేదీ, మండలం రెండు కాలమ్స్‌నూ ఎంచుకుని కుడి క్లిక్‌తో ‘అన్‌పివట్ అదర్ కాలమ్స్’ ఇవ్వండి. ‘తోతాపురి’ అన్నది తలకట్టు నుంచి దిగి వరుసలోకి వస్తుంది. కొత్తగా వచ్చిన రెండు కాలమ్స్‌కూ రకం, టన్నులు అని పేర్లు పెట్టుకోండి. వచ్చే సీజన్‌లో మల్లిక రకానికి ఇంకో కాలమ్ చేర్చినా, ఆ ఏడాది షీటును అపెండ్‌లో కలిపి రిఫ్రెష్ చేస్తే అదీ దానంతటదే వరుసల్లోకి వస్తుంది.

ఇక ఆగస్టు. నెల పేరును పవర్ బీఐ మామూలు పదంగా చూసి అక్షర క్రమంలో పేరుస్తుంది. మీ సీజన్ మే నుంచి ఆగస్టు దాకా కదా. ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా అక్షర క్రమంలో ఆగస్టు, జులై, జూన్, మే అవుతుంది. సీజన్ మొత్తం తిరగబడుతుందన్నమాట. నెల సంఖ్యతో ఒక కాలమ్ చేసి, నెల పేరును ఎంచుకుని, ‘సార్ట్ బై కాలమ్’లో ఆ సంఖ్యను చూపించండి. తేదీలు అక్షరాలుగా పడి ఉంటే 05/06ను జూన్ 5కు బదులు మే 6 అనుకునే ప్రమాదం ఉంది. తేదీ కాలమ్ డేటా టైప్‌ను మార్చేటప్పుడు ‘యూజింగ్ లొకేల్’లో ఇంగ్లీష్ ఇండియా ఎంచుకోండి.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపింది జిల్లా సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, ఆ ఏడాది కాయ రావడానికి కాస్త ముందే. పాకాల, చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి, పీలేరు, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. పాకాల మండలంలోని దామలచెరువు నుంచి వచ్చే కాయ అదే తోటలది, అదే రైతులది. మీ షీటులో మాత్రం అంతకుముందు ‘చిత్తూరు’, ఆ తర్వాత ‘తిరుపతి’. గీత పడక ఏం చేస్తుంది? ఈ ఛార్టు చూసి ఎవరైనా చిత్తూరులో దిగుబడి పోయిందనుకుంటే, ఆ మాట కాయ కొనే నిర్ణయం దాకా వెళ్తుంది. అందుకే దీన్ని వదిలేయకండి.

రోజువారీ షీటులో జిల్లా రాయడం మానేసి, మండలాలకు విడిగా ఒక చిన్న పట్టిక చేయండి. మండలం, పాత జిల్లా, ఇప్పటి జిల్లా అని మూడే కాలమ్స్, ఒక్కో మండలానికి ఒక్కటే వరుస. దాన్ని లోడ్ల పట్టికతో మండలం పేరు మీద కలపండి. మండలం, జిల్లా స్లైసర్లు ఈ చిన్న పట్టిక నుంచే తీసుకోవాలి. ఏళ్లను పోల్చేటప్పుడు పాత జిల్లా, ఈ సీజన్ కొనుగోలు చూసేటప్పుడు ఇప్పటి జిల్లా. రేపు హద్దులు మళ్లీ మారినా ఈ పట్టిక ఒక్కటి దిద్దితే చాలు. బంగారుపాళ్యం ఒకచోట, బంగారుపాలెం ఇంకోచోట రాస్తే మాత్రం కలవవు. ఎక్సెల్‌లో డేటా వ్యాలిడేషన్‌తో జాబితా పెట్టి, అందులోంచే ఎంచుకునేలా చేయండి.

ఓనరు గారి ఫోనుకు పంపడం గురించి ఒక హెచ్చరిక. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే కానీ, రిపోర్టును ఇతరులకు షేర్ చేయాలంటే మామూలుగా ఇద్దరికీ డబ్బు కట్టి తీసుకునే ప్రో లైసెన్స్ ఉండాలి. ఖర్చు లేదు కదా అని ‘పబ్లిష్ టు వెబ్’ నొక్కవద్దు. ఆ లింకు దొరికినవాళ్లెవరైనా లాగిన్ లేకుండా చూడొచ్చు. ఏ మండలంలో ఎంత కొంటున్నారో పక్క ఫ్యాక్టరీకి చెప్పినట్టవుతుంది. లైసెన్స్ తీసుకునేదాకా పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి. అందులో స్లైసర్ పనిచేయదు కాబట్టి పాత జిల్లాల వారీగా ఒకటి, ఇప్పటి జిల్లాల వారీగా ఒకటి, రెండు పేజీలు పెట్టండి.