నగరం పక్క అడవికి అడవిపందులు పనికొస్తాయా?

నగరాల దగ్గర పాడైపోయిన అడవిని మళ్లీ పెంచడంలో అడవిపందులు సాయం చేస్తాయా అని అడిగారు. చేస్తాయి. నేను కళ్లారా చూశాను.

మాది ధర్మసాగర్ వైపు ఊరు. ఇనుపరాతి గుట్టలు మా చేన్లకు ఆనుకునే ఉంటాయి. హనుమకొండ నుంచి బండి మీద గంటలోపే రావచ్చు. నాలుగేళ్ల కింద మిరుగం వానలు పడ్డ వారానికి, తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ బాపుతో గుట్ట ఎక్కాను. ఒకచోట పావు ఎకరం దాకా నేలంతా తిరగబడి ఉంది. బోదగడ్డి వేళ్లతో సహా లేచి పక్కకు పడింది. తుంగగడ్డల పొట్టు చెల్లాచెదురుగా ఉంది, మట్టి ఇంకా తడిగానే ఉంది. మధ్యలో పంది పెంట, అందులో రేగి గింజలు. "నాగలి లేకుండనే దున్నినయి చూడు బిడ్డా" అన్నాడు బాపు.

దసరాకు మళ్లీ వెళ్లాను. దున్నిన ఆ జాగాలో తునికి, రేగి, మోదుగ మొలకలు లేచాయి. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే జానెడు చోటులోనే ఐదు తునికి మొలకలు కనిపించాయి. పది అడుగుల అవతల గడ్డి దట్టంగా ఉన్నచోట ఒక్కటీ లేదు. రాలిన గింజ గడ్డి మీదే ఆగి ఎండిపోతే మొలక ఎట్లా వస్తుంది? పంది ముట్టె పెట్టి తవ్వితేనే గింజ మట్టిలో పడుతుంది, వాన నీరు ఇంకుతుంది.

అదే గుట్ట కింద గుంతలు తీసి, బోర్డు పెట్టి నాటిన మొక్కలు ఎండాకాలం ట్యాంకర్ రాక సగానికి పైగా ఎండిపోయాయి. నాటిన రోజు ఫోటోలు దిగినవాళ్లు మళ్లీ కనిపించలేదు. పైగా నాటింది కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు! పిట్టకు పండు పెట్టని చెట్టును అడవి అని ఎవరైనా అంటారా?

ఇంగ్లండ్‌లో పొలాలను మళ్లీ అడవిలా మారనిచ్చిన నెప్ ఎస్టేట్‌లో నేల తవ్వే ఈ పని కోసమే టామ్‌వర్త్ జాతి పందులను వదిలారు. అక్కడ అడవిపంది ప్రమాదకర జంతువుల చట్టం కిందికి వస్తుంది కాబట్టి పెంపుడు జాతితో సరిపెట్టుకున్నారు. మన దగ్గర అసలైనవే ఉన్నాయి.

రైతు సంగతేంటని అడుగుతారు. నేనూ రైతు బిడ్డనే. పాలకంకి మీదున్న మా మక్క చేను ఒక్క రాత్రిలో అర ఎకరం పోయింది. ఆ పొద్దు అమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. నష్టపరిహారం కోసం తిరిగిన తిరుగుళ్లకు పెట్రోల్ ఖర్చు కూడా రాలేదు. పులి ఉన్న అడవిలో అది పందులను అదుపులో పెడుతుంది. మా గుట్టల్లో పులి లేదు. మంద మరీ పెరిగితే అవే మొలకలను తొక్కి పాడుచేస్తాయి, అది కూడా నిజమే. అందుకే అడవి అంచున కందకం తవ్వడం, పరిహారం పంట చేతికొచ్చే లోపే ఇవ్వడం ముందు జరగాలి.

కానీ కరెంటు తీగలు పెట్టేవాళ్లను మాత్రం నేను క్షమించను. పంది కోసం పెట్టిన తీగకు తెల్లారగట్ల నీళ్లు పెట్టడానికి పోయిన మనిషి చస్తున్నాడు.

మా బాపు చేను చుట్టూ చీరలు కట్టడం మానేసి పందులు ముట్టవని నాలుగు వరుసల ఆముదం వేస్తున్నాడు. రెండేళ్ల నుంచి మక్క చాలావరకు దక్కుతోంది. గుట్ట మీది ఆ తునికి మొక్కలు ఇప్పుడు నా నడుము దాకా వచ్చాయి.