టెక్సాస్‌లో పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ క్లినిక్: లైసెన్సు, మెడికెయిడ్ నమోదులో ఏది ముందు, ఏది వెనక

డల్లాస్ ప్రాంతంలో ఆరేళ్లుగా ఒక హోమ్ హెల్త్ సంస్థలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా (తినడం, రాయడం వంటి రోజువారీ పనులు చేసుకోవడానికి తోడ్పడే చికిత్సకులుగా) పనిచేస్తున్నారనీ, గ్రీన్ కార్డు వచ్చింది కనుక పిల్లల కోసం సొంతంగా క్లినిక్ పెట్టాలనుకుంటున్నారనీ రాశారు. లైసెన్సు, మెడికెయిడ్ (ప్రధానంగా తక్కువ ఆదాయం ఉన్నవారికి, వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పనులు ఏ వరుసలో చేసుకోవాలి, మెడికెయిడ్ అనుమతి వచ్చేలోగా పిల్లలను చూడవచ్చా అన్నవి మీ రెండు ప్రశ్నలు. నేను 2022లో హ్యూస్టన్ శివార్లలో ఇలాంటి క్లినిక్కే ప్రారంభించాను. మొదటి ఏడాది చేసిన పొరపాట్ల వల్ల నాకు దాదాపు ఐదు నెలల ఆదాయం పోయింది. మీకు ఆ నష్టం జరగకూడదన్న ఉద్దేశంతో కొంత వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు గ్రహించవలసిన విషయం ఒకటుంది. థెరపీ చేసే అర్హత వేరు, చేసిన థెరపీకి మెడికెయిడ్ నుంచి డబ్బు తీసుకునే అర్హత వేరు. మొదటిది మీకు ఇప్పటికే ఉంది. టెక్సాస్ ఆక్యుపేషనల్ థెరపీ బోర్డు ఇచ్చిన లైసెన్సు మీ పేరు మీద ఉంటుంది, మీరు ఉద్యోగం మానేసినా మీతోనే వస్తుంది. రెండేళ్లకోసారి, మీ పుట్టిన నెలాఖరులోగా దాన్ని పునరుద్ధరించుకుంటే చాలు. రెండోది మాత్రం ఇన్నాళ్లూ మీ యజమాని సంస్థకు ఉన్న అర్హత. వాళ్ల నంబరు మీద వాళ్లు బిల్లు వేశారు, మీకు జీతం ఇచ్చారు. మీరు బయటికి వచ్చిన రోజున ఆ అర్హతను సున్నా నుంచి సంపాదించుకోవాలి. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఈ విషయంలో అది లెక్కలోకి రాదు.

వ్యాపార సంస్థ ఏర్పాటు పెద్ద కష్టమేమీ కాదు. లైసెన్సు ఉన్న వృత్తి కనుక ఇక్కడ సాధారణంగా ప్రొఫెషనల్ లిమిటెడ్ లయబిలిటీ కంపెనీగా నమోదు చేసుకుంటారు. రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలో దానికి ఫారం 206 ఉంది, రుసుము 300 డాలర్లు. తర్వాత ఫెడరల్ పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్ నుంచి సంస్థకు ఈఐఎన్ అనే పన్ను గుర్తింపు నంబరు తీసుకోవాలి. దానికి రుసుము లేదు, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆ నంబరుతో పాటు వచ్చే సీపీ 575 అనే ఉత్తరాన్ని మాత్రం భద్రంగా దాచుకోండి. బ్యాంకు నుంచి బీమా సంస్థల వరకు ఒక్కొక్కరూ దాని ప్రతినే అడుగుతారు. అది పోతే ఐఆర్‌ఎస్‌కు ఫోన్ చేసి 147సీ అనే మరో ఉత్తరం తెప్పించుకోవలసి వస్తుంది. వృత్తిపరమైన బీమా కూడా ఈ దశలోనే తీసుకోండి.

ఇక ఎన్‌పీఐ, అంటే ఆరోగ్య సేవలందించేవారికి దేశవ్యాప్తంగా ఇచ్చే గుర్తింపు నంబరు. పది అంకెల ఈ నంబరు మీకు వ్యక్తిగతంగా ఎలాగూ ఉంటుంది, దాన్ని టైప్ 1 అంటారు. సంస్థకు విడిగా టైప్ 2 నంబరు తీసుకోవాలి, అదీ ఉచితమే. మెడికెయిడ్‌లో సంస్థ గ్రూపుగా నమోదవుతుంది, మీరు ఆ గ్రూపు కింద సేవలందించే థెరపిస్టుగా నమోదవుతారు. సంస్థకు, మీకు మధ్య ఉండవలసిన ఈ ముడి సరిగా పడకపోతే, రెండు నమోదులూ పూర్తయినట్టే కనిపిస్తాయి గాని బిల్లులు మాత్రం తిరిగి వస్తాయి.

నాకు దెబ్బ తగిలింది పేరు దగ్గర. మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ చిక్కు ఉంటుంది కనుక కొంచెం ఆగి చెబుతాను. నా పదో తరగతి సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంది. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు ఆ ఇంటిపేరును పూర్తిగా విడగొట్టి చివర పెట్టారు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద నా పేరులోని రెండు ముక్కలు ఒకే మాటగా కలిసిపోయాయి. లైసెన్సు పెళ్లి తర్వాత తీసుకున్నాను కనుక దాని మీద మా వారి ఇంటిపేరు ఉంది. ఉద్యోగం చేసిన ఏడేళ్లలో ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. మెడికెయిడ్ దరఖాస్తు వేసినప్పుడు మాత్రం లైసెన్సు బోర్డు రికార్డునూ, ఎన్‌పీఐ రికార్డునూ, సోషల్ సెక్యూరిటీ వివరాలనూ ఒకదానితో ఒకటి పోల్చి చూశారు. మూడు చోట్లా మూడు పేర్లు. దరఖాస్తు లోపం ఉందన్న గుర్తుతో వెనక్కి వచ్చింది. సోషల్ సెక్యూరిటీ కార్డు సవరించుకుని, దాని ఆధారంగా లైసెన్సు మీద పేరు మార్పించుకుని, ఆపైన ఎన్‌పీఐ రికార్డు మార్చుకునే సరికి తొమ్మిది వారాలు పట్టింది. ఈ మూడింటినీ సంస్థ పెట్టకముందే బల్ల మీద పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

చిరునామా విషయంలోనూ అంతే. నా లీజు కాగితంలో సూట్ నంబరు పక్కన బి అనే అక్షరం ఉంది, నేను ఎన్‌పీఐ రికార్డులో అది లేకుండా రాశాను. డబ్ల్యూ-9 అనే పన్ను ఫారంలో మొదటి వరుసలో నా సంస్థ చట్టబద్ధమైన పేరు రాయాలి, రెండో వరుసలో బోర్డు మీద పెట్టుకునే వ్యాపార నామం రాయాలి. నేను మొదటి వరుసలోనే బోర్డు మీది పేరు రాశాను. ఈ రెండింటికీ మరోసారి దరఖాస్తు ఆగింది. సంస్థ పేరును సీపీ 575 ఉత్తరంలో ఎలా అచ్చయి ఉందో సరిగ్గా అలాగే అన్ని చోట్లా రాయడం ఉత్తమం.

టెక్సాస్‌లో మెడికెయిడ్ నమోదు టీఎంహెచ్‌పీ అనే వ్యవస్థ ద్వారా జరుగుతుంది. 2021 డిసెంబరు నుంచి దానికి పెమ్స్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. అందులో యాజమాన్య వివరాల భాగాన్ని తేలికగా తీసుకోకండి. సంస్థలో 5 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న ప్రతి ఒక్కరి పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు వెల్లడించాలన్నది ఫెడరల్ నిబంధన. ఆ వ్యక్తుల మధ్య భార్యాభర్తలు, తల్లిదండ్రులు, తోబుట్టువుల వంటి బంధుత్వం ఉంటే అదీ చెప్పాలి. సంస్థలో వాటాలు ఎలా ఉండాలో ముందే ఆలోచించుకోండి, దరఖాస్తు మధ్యలో మారిస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం వచ్చాక ఆరోగ్య సేవలందించేవారిని తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ప్రమాదం అనే మూడు తరగతులుగా విభజించి తనిఖీ చేస్తున్నారు. మెడికేర్ (ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి ఇచ్చే ఫెడరల్ ఆరోగ్య బీమా) నిబంధనలలో ఆక్యుపేషనల్ థెరపిస్టులు తక్కువ ప్రమాదం ఉన్న తరగతిలో ఉన్నారు. అయినా, ఏ తరగతి వారి చోటికైనా ముందు చెప్పకుండా వచ్చి చూసే అధికారం మెడికెయిడ్ అధికారులకు ఉంది. కాబట్టి చిరునామాగా తపాలా పెట్టెను గాని, స్నేహితుల ఇంటిని గాని చూపవద్దు.

రాష్ట్ర అనుమతి ఉత్తరం రాగానే పని అయిపోయిందని నేను పొరబడ్డాను. టెక్సాస్‌లో మెడికెయిడ్ పిల్లలలో అత్యధికులు స్టార్, స్టార్ కిడ్స్ అనే పథకాల కింద మేనేజ్డ్ కేర్ సంస్థలలో, అంటే రాష్ట్రం తరఫున మెడికెయిడ్ నడిపే బీమా సంస్థలలో ఉంటారు. వైకల్యం ఉన్న పిల్లల కోసం ఉద్దేశించిన స్టార్ కిడ్స్ 2016 నవంబరులో మొదలైంది. మన దగ్గరికి వచ్చే పిల్లలలో ఎక్కువమంది అందులోనివారే. రాష్ట్ర నమోదు ఉంటేనే ఈ సంస్థలు మీ దరఖాస్తును చూస్తాయి, చూశాక మీ అర్హతల పరిశీలన జరగాలి, ఆపైన ఒప్పందం కుదరాలి, ఒప్పందం అమలులోకి వచ్చే తేదీ కాగితం మీద రావాలి. మీ ప్రాంతంలో ఏ ఏ సంస్థలు పనిచేస్తున్నాయో ముందే తెలుసుకుని, కొత్త థెరపిస్టులను చేర్చుకుంటున్నారా అని ఒక్కొక్కరికీ రాతపూర్వకంగా అడగండి. బీమా సంస్థలు మన అర్హతల వివరాలు చూసుకునే సీఏక్యూహెచ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో మీ వివరాలు ఉంటే ప్రతి 120 రోజులకూ వాటిని మళ్లీ ధ్రువీకరించాలి. నేను ఒకసారి ఆ గడువు దాటించినందుకు ఒక దరఖాస్తు నెల రోజులు కదలలేదు. నాకు రాష్ట్ర నమోదుకు సవరణలతో కలిపి ఐదు నెలలు, ఆ తర్వాత మొదటి ఒప్పందానికి మరో నాలుగు నెలలు పట్టాయి. కాగితాలు మొదటిసారే సరిగా ఉంటే రెండూ కలిపి ఆరు నెలల్లో ముగించిన సహోద్యోగులు నాకు తెలుసు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. అమలు తేదీ రాకముందు మెడికెయిడ్ పిల్లలను చూసి, తర్వాత బిల్లు వేసుకోవచ్చన్న ఆశతో పని మొదలుపెట్టవద్దు. మరొక థెరపిస్టు నంబరు మీద, లేదా మీ పాత సంస్థ నంబరు మీద మీ సేవలకు బిల్లు వేయించడం ఎంతమాత్రం వద్దు. చూసినవారు ఒకరు, చూసినట్టు రాసినది మరొకరు అయితే అది తప్పుడు క్లెయిము అవుతుంది, దానికి ఫెడరల్ చట్టం కింద భారీ జరిమానాలున్నాయి. లైసెన్సు కూడా పోవచ్చు. ఆ నెలల్లో ప్రైవేటు బీమా ఉన్నవారినీ, సొంత డబ్బు చెల్లించేవారినీ చూడవచ్చు. నేను వారానికి మూడు రోజులు పాత ఉద్యోగం చేస్తూ మిగతా రోజులు అలాగే నడిపాను.

ఆ రోజుల్లో నెల్లూరు నుంచి వచ్చిన ఒక తల్లి నాలుగేళ్ల కొడుకును తీసుకుని వచ్చింది. అబ్బాయికి స్టార్ కిడ్స్ ఉంది. ఆమె సంచిలోంచి పెరుగన్నం డబ్బా తీసి, చెంచా చేతికిచ్చి నాకు చూపించింది. అబ్బాయి చెంచాను నాలుగు వేళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నాడు, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయే ఉంది, చెంచా నోటి దాకా వెళ్లే లోపు అన్నమంతా చొక్కా మీద పడింది. "అక్కా, తెలుగులో చెప్పేవాళ్లు దొరికారని ఎంతో దూరం నుంచి వచ్చాను, ఎంత అడిగితే అంత ఇచ్చుకుంటాను" అని ఆమె అంది. మెడికెయిడ్ కింద ఉచితంగా దొరికే హక్కు ఉన్న సేవకు ఆమె దగ్గర డబ్బు తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. అప్పటికే ఒప్పందం ఉన్న మరో క్లినిక్‌కు ఫోన్ చేసి అక్కడ చేర్పించాను. ఒకసారి మెడికెయిడ్‌లో నమోదయ్యాక అయితే ఇందులో మన ఇష్టానికి తావే లేదు. మెడికెయిడ్ చెల్లించినదే పూర్తి చెల్లింపు, దాని పరిధిలోని సేవకు కుటుంబం నుంచి తేడా డబ్బు వసూలు చేయకూడదు.

ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలిసి ఉండాలి. పెద్దవారికి ఆక్యుపేషనల్ థెరపీ ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. 21 ఏళ్లలోపు వారికి మాత్రం, వైద్యపరంగా అవసరమని తేలిన సేవను ఇవ్వవలసిందేనని మెడికెయిడ్‌లో పిల్లల ఆరోగ్య పరీక్షలకు, చికిత్సకు సంబంధించి 1967లో మొదలైన ఈపీఎస్‌డీటీ నిబంధన ఇప్పుడు చెబుతుంది. దీర్ఘకాలిక అవసరాలున్న పిల్లలకు ఇక్కడ ముందస్తు అనుమతి ఒక్కో విడతకు 180 రోజుల వరకు ఇస్తారు. ఆ అనుమతి నిలబడేది మీ ఎవాల్యుయేషన్ రిపోర్టు మీద. "సూక్ష్మ కండరాల నైపుణ్యం తక్కువ" అని రాస్తే సరిపోదు. ఇరవై నిమిషాల భోజనంలో ఎన్నిసార్లు చెంచా నోటికి చేరింది, ఎన్నిసార్లు సాయం కావలసి వచ్చింది అని లెక్కతో రాస్తే నిలబడుతుంది. డాక్టరు సంతకం చేసిన ఆదేశం మీద తేదీ లేక నా అభ్యర్థనలు రెండు తిరిగి వచ్చాయి. డాక్టరు కార్యాలయాల వెంట పడడానికే వారంలో ఒక పూట కేటాయించుకోండి. క్లెయిములను సేవ చేసిన తేదీ నుంచి 95 రోజులలోగా పంపాలి.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. టెక్సాస్ శాసనసభ 2015లో పిల్లల థెరపీ చెల్లింపులకు పెద్ద కోత పెట్టింది. కోర్టు వివాదాల తర్వాత అది 2016 డిసెంబరులో అమలైంది. చిన్న క్లినిక్కులు చాలా దెబ్బతిన్నాయి, కొన్ని మూతపడ్డాయి. ఒక్క మెడికెయిడ్ మీదే క్లినిక్‌ను నిలబెట్టవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. అద్దె కూడా, కనీసం ఎనిమిది నెలలకు సరిపడా చేతిలో ఉంచుకోండి. లీజు మీద సంతకం చేయకముందు మొదటి రెండు మూడు నెలల అద్దె మినహాయింపు అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. చిరునామా లేకుండా దరఖాస్తు సాగదు కనుక లీజును పూర్తిగా వాయిదా వేయడం కుదరదు. నేను మాత్రం పెద్ద హాలు తీసుకోకుండా, ఒక పిల్లల డాక్టరు క్లినిక్‌లో ఒక గది అద్దెకు తీసుకుని మొదలుపెట్టి ఉండవలసింది.

మెడికేర్ మీకు ఇప్పుడే అవసరం రాకపోవచ్చు. కాని మన వృత్తివారికి, డాక్టర్లకు ఉన్నట్టు, మెడికేర్ నుంచి వైదొలిగి రోగితో నేరుగా డబ్బు ఒప్పందం చేసుకునే వెసులుబాటు లేదు. ఎవరైనా తమ అత్తగారికి పక్షవాతం వచ్చింది, డబ్బు ఇస్తాం, చూడండి అని అడిగితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకుంటే, ఫెడరల్ కార్యక్రమాల నుంచి నిషేధించినవారి జాబితాలో వారి పేరు ఉందేమో చేర్చుకునే ముందూ, ఆ తర్వాత ప్రతి నెలా చూసి, చూసిన తేదీతో ఒక ప్రతి దాచండి. మెడికెయిడ్ నమోదును కనీసం ఐదేళ్లకోసారి మళ్లీ ధ్రువీకరించాలి. గడువు తప్పితే చెల్లింపులు ఆగిపోతాయి. నా క్లినిక్‌లో ఫైళ్ల బీరువా తలుపు లోపలివైపు లైసెన్సు, బీమా, సీఏక్యూహెచ్, మెడికెయిడ్ గడువు తేదీలను వరుసగా రాసి అంటించాను. మీ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఎన్‌పీఐ రికార్డు మీద పేర్లు ఎలా ఉన్నాయో చూసుకుని, ఎక్కడైనా తేడా ఉంటే ఇక్కడే రాయండి. నంబర్లు మాత్రం పెట్టకండి. ఏది ముందు సవరించాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.